కోరి తెచ్చుకున్న గాయం

ముక్కు తీరు మార్పించుకున్నవారి ముఖం మొదటి వారంలో చూసేవారిని కాస్త భయపెడుతుంది. ముక్కు మీద బద్ద, కళ్ల కింద కమిలిన ఊదారంగు. రోజులు గడిచేకొద్దీ ఆ ఊదా ఆకుపచ్చకు, ఆపైన పసుపుకు తిరుగుతుంది. రాత్రిళ్లు తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. బద్ద తీసిన రోజున అద్దంలో కనిపించేది కోరుకున్న ముక్కు కాదు, వాచిన ముక్కు. కొన దగ్గర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టవచ్చు. ముఖం మీద ముడతలు తీయించుకున్నవారికి చెవుల ముందు భాగం, బుగ్గలు వారాల తరబడి మొద్దుబారి ఉంటాయి. చెయ్యి పెడితే ఎవరి బుగ్గనో తాకినట్టు ఉంటుంది. లేజరుతోనో కెమికల్ పీల్‌తోనో చర్మం పైపొర తీయించుకున్నవారి తిప్పలు ఇంకో రకం. పొర ఊడుతుంది, కింద లేత చర్మం వస్తుంది, గండం గడిచిందనుకుంటుండగా కొన్ని వారాలకు అదే చోట గోధుమరంగు మచ్చ కమ్ముకొస్తుంది. మన చామనఛాయ ఒంట్లో రంగునిచ్చే కణాలు మహా చురుకు. మంట, వాపు ఎక్కడ పుడితే అక్కడ రంగు ఎక్కువగా పోస్తాయి. పైపొరలోని నలుపు నెలల్లో తగ్గుతుంది. లోపలి పొరలోకి దిగిన బూడిదనీలం మచ్చ ఏళ్లు తీసుకోవచ్చు.

ఈ నెలల్లో ఆ మనిషి చెవిన పడే మాటలు మనకు తెలియనివి కావు. దేవుడిచ్చిన మొహానికి ఏమొచ్చింది? కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. చేసుకున్నవారికి చేసుకున్నంత. లారీ గుద్ది ముఖం చిట్లినవారిని చూడ్డానికి పళ్లు పట్టుకుని వెళతాం, వీరిని చూసి మాత్రం పెదవి విరుస్తాం. ఒకే రకం చర్మం, ఒకే రకం మంట, ఒకే రకం మచ్చ. గాయం ఎలా వచ్చిందన్న ఒక్క తేడాతో ఒకరికి జాలి, ఒకరికి బుద్ధిమాట. ఈ తేడాకు మతాన్నీ కర్మనూ సాక్ష్యానికి పిలుస్తాం. ఆ సాక్షులు నిజానికి ఏం చెబుతున్నారో కాస్త ఓపికగా వింటే, మన పక్షాన ఒక్కరూ లేరని తేలుతుంది. అందం కోసం కత్తి కిందికి వెళ్లడం మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న. వెళ్లి వచ్చి నొప్పితో ఉన్నవారికి జాలి తగ్గించే హక్కు మనకుందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ఏదైనా కావచ్చు. రెండోదానికి జవాబు ‘లేదు’ అనే.

మొదట ‘దేవుడిచ్చిన ముఖం’ సంగతి. ప్లాస్టిక్ సర్జరీ మన దేశంలోనే పుట్టిందని చెప్పేటప్పుడు అందరూ గర్వంగా సుశ్రుతుణ్ణి తలుస్తారు. తెగిన ముక్కును బుగ్గ చర్మంతో మళ్లీ నిలబెట్టిన విధానం చెబుతారు. అది సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం చివర ఉంది. ఆ అధ్యాయం మొదట్లో ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెవులు కుట్టే అధ్యాయం. పిల్లలకు చెవులు కుట్టడం రక్ష కోసం, నగల కోసం అని మొదలుపెడతాడు. ఎక్కడ కుట్టాలి, తప్పుచోట గుచ్చితే ఏమవుతుంది, రంధ్రాన్ని ఎలా పెంచాలి, అంతా చెబుతాడు. అలా పెంచిన చెవి తమ్మె చీలిపోవచ్చునని చెప్పి, వెంటనే అతికే పద్ధతుల్లోకి దిగుతాడు. పదిహేను రకాల అతుకులు చెప్పాడు. మధ్యలో ఒక్క మందలింపు లేదు. నగ మోజుతో చెవి సాగదీయించుకున్నావు, అనుభవించు అనలేదు. ముక్కు చికిత్స ఆ చెవుల చికిత్సకు కొనసాగింపుగా వస్తుంది. అంటే మనం గర్వపడే ఆ శస్త్రవిద్య అలంకారం వల్ల వచ్చిన గాయాన్ని బాగుచేసే పనికి పక్కనే, ఒకే అధ్యాయంలో, పెరిగింది. దేవుడిచ్చిన ఒంటిని కోయకూడదనే వాదం, చెవులు కుట్టించడం శుభకార్యంగా చేసుకునే ఇంట్లో నిలబడదు.

తర్వాతి ఉపచారం గురించి కూడా సుశ్రుతుడి శ్రద్ధ గమనించదగ్గది. కొత్త ముక్కులో ఊపిరి ఆడడానికి రెండు గొట్టాలు పెట్టాలి, అతిమధురం వంటి మందుల పొడి చల్లాలి, తెల్లటి దూది కప్పి నువ్వుల నూనెతో మాటిమాటికీ తడపాలి. చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలో పుండుకు చేయాల్సిన 60 ఉపక్రమాలు చెప్పాడు. పుండు మానడంతో ఆ జాబితా ముగియదు. మానిన చోట చర్మం తెల్లబారితే నల్లబరచడం, నల్లబడితే మామూలు రంగుకు తేవడం, వెంట్రుకలు రాని చోట మొలిపించడం కూడా వైద్యంలో భాగమే. మచ్చ రంగు గురించి దిగులుపడే రోగిని ఆయన అల్పుడిగా చూడలేదు. ఆ దిగులుకు వైద్యగ్రంథంలో చోటిచ్చాడు.

పురాణాలు కూడా ఈ విషయంలో మనం ఊహించుకున్నంత కఠినంగా లేవు. అష్టావక్రుడి కథలో ఒంటి వంకర కాదు, ఆత్మ ముఖ్యమన్న నీతిని ప్రవచనాల్లో తరచూ వింటాం. మహాభారతం అరణ్యపర్వంలో ఆ కథ ముగింపు వేరు. వాదంలో గెలిచి తండ్రిని విడిపించుకున్నాక, ఆ తండ్రే కొడుకును సమంగా నదిలో మునగమంటాడు. మునిగిన అష్టావక్రుడి అవయవాలు చక్కబడతాయి. భాగవతంలో మథుర వీధిలో కృష్ణుడు గంధం ఇచ్చిన కుబ్జ పాదాలను తన పాదంతో అదిమి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తి నిటారుగా నిలబెట్టాడు. ఆమె అడగను కూడా లేదు. ఇస్లాంలో దేవుడి సృష్టిని మార్చడాన్ని ఖుర్ఆన్ నాలుగో సూరా సైతాను ప్రేరణగా చెబుతుంది. అయినా యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా పెట్టించుకున్న వెండి ముక్కు వాసన కొడుతుంటే, బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త చెప్పిన హదీసు ఉంది, మగవారికి బంగారం నిషిద్ధమైనా సరే. 2007లో మలేషియాలోని పుత్రజాయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ లోపాన్ని సరిచేసే సర్జరీని అనుమతించి, కేవలం మోజు కోసం చేసేదాన్ని కాదంది. క్యాథలిక్ పోప్ 12వ పయస్ 1958 అక్టోబరులో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, ప్లాస్టిక్ సర్జన్లతో మాట్లాడుతూ ఉద్దేశం మంచిదై, ప్రమాదం మితిమీరకుండా, తగిన కారణం ఉంటే తప్పులేదన్నాడు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. ఇవన్నీ చెడిందాన్ని బాగుచేసిన కథలు. నిక్షేపంలాంటి ముఖాన్ని చెక్కించుకోవడానికి ఇవెలా చెల్లుతాయి? న్యాయమైన ప్రశ్నే. చెవి కుట్టించుకోవడంలో నా ముఖం తప్పు అన్న భావం లేదు, ఊరందరితో కలవడం ఉంది. ముక్కు సన్నం చేయించుకోవడంలో, రంగు తేల్చుకోవడంలో, ఉన్న ముఖాన్ని నిరాకరించడం ఉంది. ఆ తేడాను నేను కాదనను. అయితే ఫిఖ్ అకాడమీ అయినా పోప్ అయినా ఆ గీత గీసింది ఆపరేషన్‌కు ముందు, నిర్ణయం తీసుకునే చోట. ఆ తర్వాత మంచం పక్కన ఎవరూ గీత గీయలేదు. గీత దాటినవాడు నొప్పితో ఉంటే అతణ్ణి చూసుకోనక్కర్లేదని చెప్పే ధర్మశాస్త్రం నాకు తెలిసి ఏ మతంలోనూ లేదు.

కర్మ అన్నమాట ఇంకా బలంగా వినిపిస్తుంది కాబట్టి దాన్ని కాస్త నిదానంగా చూడాలి. సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు, మనిషి పడే బాధంతా పూర్వకర్మ ఫలమేనా అని. బుద్ధుడు కాదంటాడు. పైత్యం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, ఋతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, బయటి దెబ్బ అన్నీ లెక్కబెట్టి, కర్మ విపాకాన్ని ఎనిమిదింటిలో చివరిదిగా చేరుస్తాడు. లేజరు వేడికి చర్మం నల్లబడితే అది ఆ జాబితాలో ఎక్కడ పడుతుందో చెప్పడానికి పండితులు అక్కర్లేదు. పోనీ, తప్పు ఆ మనిషిదే అనుకుందాం. చరకుడు రోగాలకు మూలంగా ప్రజ్ఞాపరాధాన్ని చెప్పాడు: తెలిసి తెలిసీ బుద్ధి తప్పడం, చేయకూడనిది చేయడం. అతిగా తిన్నవాడి అజీర్ణం, రాత్రంతా మేలుకున్నవాడి తలనొప్పి, తాగినవాడి కాలేయం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కోరి తెచ్చుకున్నదానికి జాలి లేదనే సూత్రం పెడితే వైద్యశాలల్లో సగం మూయాలి. చరకుడు అలా మూయలేదు. వైద్యుడికి ఉండాల్సిన నాలుగు గుణాల్లో మైత్రిని, ఆర్తుల పట్ల కరుణను ముందు చెప్పాడు. ఆర్తి ఎలా వచ్చిందన్న షరతు పెట్టలేదు. భగవద్గీత పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాలు చెప్పేటప్పుడు మైత్రి, కరుణ సర్వభూతాల పట్ల అన్నదీ ఇంతే.

అసలు మన కోపానికి కారణం ‘కోరి తెచ్చుకోవడం’ అవునా అన్నదే నాకు అనుమానం. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు సర్జన్ హెరాల్డ్ గిల్లీస్ ఇంగ్లండులోని సిడ్‌కప్ ఆసుపత్రిలో చికిత్స చేశాడు. ఆ ఆసుపత్రిని 1917లో తెరిచారు. ఆ కుర్రాళ్లు దేశం కోసం దెబ్బ తిన్నారు, వారిది సోకు కాదు, మోజు కాదు. అయినా వార్డుల్లో అద్దాలు తీసేయాల్సి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బల్లలకు నీలం రంగు వేశారు, వాటి మీద కూర్చునేవారి ముఖం చూసి జనం ఉలిక్కిపడకుండా ముందే తెలియడానికి. వీరగాయానికే ఆ గతి పట్టింది. అంటే మారిన ముఖాన్ని చూడలేకపోవడం మనిషిలో ముందే ఉంది. ‘కోరి తెచ్చుకున్నాడు’ అన్నది ఆ చూడలేకపోవడానికి మనం తొడిగే ధర్మవేషం. చూపు తిప్పుకున్నందుకు సిగ్గుపడకుండా బుద్ధిమాట చెప్పి తప్పుకునే వీలు అది ఇస్తుంది.

వేదాంతి ఇక్కడ అడ్డుపడతాడు. ముఖమే నేననుకోవడం అజ్ఞానం, ఆ అజ్ఞానానికి డబ్బు పోసి కోయించుకోవడం మరింత అజ్ఞానం, దాన్ని ఓదార్చడమంటే అజ్ఞానాన్ని పోషించడమే కదా అంటాడు. ఈ మాటలో నిజం ఉంది. అది సర్జన్ల అనుభవంలోనూ కనిపిస్తుంది. న్యూయార్క్‌లో ప్లాస్టిక్ సర్జన్‌గా పనిచేసిన మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో వచ్చిన తన పుస్తకంలో రెండు సంగతులు రాశాడు. కొత్త ముఖానికి అలవాటు పడడానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందన్నది ఒకటి. ఆపరేషన్ చక్కగా కుదిరినా కొందరు తమలో మార్పేమీ లేదని, ఇంకా అనాకారిగానే ఉన్నామని వాదించేవారన్నది రెండోది. ఆ రెండో రకం రోగి అద్వైతికి బలమైన సాక్షి: లోటు ముక్కులో లేదు. కానీ శంకరుడు అధ్యాస భాష్యంలో ఈ పొరపాటును ఎవరికి అంటగట్టాడో మరిచిపోకూడదు. దేహధర్మాలను ఆత్మ మీద వేసుకుని లావుగా ఉన్నాను, సన్నగా ఉన్నాను, తెల్లగా ఉన్నాను అనుకోవడమే అధ్యాస, అది లోకమంతటికీ సహజమన్నాడు. వ్యవహారంలో పండితుడికీ పశువుకూ తేడా లేదన్నంత దూరం వెళ్లాడు. ఆ పొరపాటు అందరిదీ అయినప్పుడు, ఒకరిని వేలెత్తి చూపే చోటు ఎవరికీ మిగలదు. పెళ్లి ప్రకటనలో తెల్లని అమ్మాయి కావాలని వేయించి, పెళ్లిచూపుల్లో ‘ఎర్రగా బుర్రగా’ ఉందని మురిసి, పసిబిడ్డ రంగు చూడ్డానికి చెవి వెనక చర్మం పరీక్షించే లోకం, రంగు తేల్చుకోబోయి మచ్చ తెచ్చుకున్న పిల్లకు దేహాభిమానం కూడదని పాఠం చెప్పడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. అధ్యాసను ఆ పిల్లకు నేర్పిందే ఈ లోకం.

ఈ నింద వల్ల జరిగే నష్టం మాటల్లో ఆగదు. తిట్టుపడ్డ మనిషి దాచుకుంటుంది. దాచుకునే మనిషి డాక్టరు దగ్గరకు వెళ్లదు, మెడికల్ షాపుకు వెళుతుంది. అక్కడ దొరికే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన కొత్తలో మచ్చ తేలికపడి, ముఖం నిగనిగలాడుతుంది. నెలలు వాడితే చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్న రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, మానకపోతే ఇంకా చెరుపు. ఈ ముఖాలు ఎంత ఎక్కువయ్యాయంటే మన దేశపు చర్మవైద్యులు దీనికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. చీటీ లేకుండా అవి ఎక్కడ దొరుకుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక మచ్చను దాచబోయి ముఖమంతా పాడుచేసుకున్నవారి వెనక, వారిని దాచుకునేలా చేసినవారి పాత్ర కూడా ఉంది.

కోలుకుంటున్నవారికి మన తత్వం ఇవ్వగలిగింది నింద కాదు, తితిక్ష. వివేకచూడామణి తితిక్షను ప్రతీకారం, అంటే విరుగుడు, వెతక్కుండా, చింత, విలాపం లేకుండా దుఃఖాన్ని సహించడంగా నిర్వచిస్తుంది. అలాగైతే మందు వేసుకోవడమే తప్పవుతుంది కదా అని వాదించేవారున్నారు. ఆ నిర్వచనం మోక్షం కోరే సాధకుడి కోసం, ఆపరేషన్ తర్వాత చీము పట్టిన గృహస్థు కోసం కాదు. ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ తితిక్షకు అడ్డురాదు. అయితే చిత్రంగా, మానుతున్న చర్మం విషయంలో ఆ నిర్వచనం అక్షరాలా వైద్యసలహా అవుతుంది. ఊడుతున్న పొరను గిల్లకూడదు. మచ్చను తోమకూడదు. వారానికో కొత్త క్రీము మార్చకూడదు. ప్రతి రుద్దుడూ కొత్త మంట, ప్రతి మంటా కొత్త నలుపు. రోహిణి కార్తె ఎండలోనే కాదు, మబ్బు పట్టిన రోజున కూడా సన్‌స్క్రీన్ రాసుకుని, గొడుగో చున్నీయో అడ్డం పెట్టుకుని, చర్మానికి దాని పని దాన్ని చేసుకోనివ్వడమే చికిత్సలో పెద్ద భాగం. కోత గీత ఎరుపు తగ్గి మెత్తబడడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అంతకాలం ఏమీ చేయకుండా ఉండడం ఎంత కష్టమో పడ్డవారికి తెలుసు. బహుశా ముఖాన్ని తన ఇష్టానికి మలచుకోవాలనుకున్న మనిషికి, తన ఇష్టంతో నిమిత్తం లేకుండా తన వేగంతో తాను నడిచే ఒళ్లు ఒకటుందని మొదటిసారి తెలిసేది అప్పుడే. ఆ తెలియడం ఆత్మజ్ఞానం కాకపోవచ్చు, దానికి దూరపు చుట్టం మాత్రం అవుతుంది. కానీ అది నొప్పి పడేవారు తమకు తాముగా కనుక్కోవాల్సింది. గడప దాటి వచ్చి మనం బోధించేది కాదు.

జాలి చూపితే ఇంకో పదిమంది ఆ దారి పడతారన్న భయం చివరి ఆక్షేపణ. అది నిలవదు. ఎవరైనా ఆపరేషన్‌కు వెళ్లేది తర్వాత దొరికే ఓదార్పు చూసి కాదు, ముందు కనిపించే ఫొటో చూసి: ఎడమవైపు ‘ముందు’, కుడివైపు ‘తర్వాత’. ఆ రెండింటి మధ్య ఉన్న నెలలకు ఫొటో ఉండదు. నల్లబడిన బుగ్గ, మొద్దుబారిన పెదవి, నిద్రలేని రాత్రులు బయటకు కనిపిస్తే, వాటి గురించి సిగ్గుపడకుండా మాట్లాడే వీలుంటే, వెళ్లబోయేవారు రెండోసారి ఆలోచిస్తారు. నిందే ఆ మధ్య నెలలను చీకట్లో దాస్తోంది. దానివల్ల లాభపడేది వ్యాపారం. చామనఛాయ చర్మానికి ఏ లేజరు, ఏ పీల్ ఎంత ప్రమాదమో ముందే విప్పి చెప్పని క్లినిక్‌ను అడగాల్సిన ప్రశ్నలన్నీ మనం రోగిని అడుగుతున్నాం.

మారిన ముఖాన్ని ఎలా చూడాలో నలుడి కథ చెబుతుంది. శ్రీనాథుడి శృంగార నైషధం నలదమయంతుల పెళ్లి ముచ్చట్లతో ఆగిపోతుంది. కర్కోటకుడి కాటుతో రూపం చెడి బాహుకుడైన నలుడి కోసం భారతానికే వెళ్లాలి. రాజ్యం జూదంలో పోగొట్టుకున్నది నలుడే, భార్యను అడవిలో వదిలేసిందీ అతడే. అతని కష్టమూ కొంత కోరి తెచ్చుకున్నదే. దమయంతి అతణ్ణి ముఖం చూసి పోల్చలేదు. రథం తోలే తీరును బట్టి, వండిన వంట రుచిని బట్టి, పిల్లల్ని చూసి కన్నీరు పెట్టుకోవడాన్ని బట్టి పోల్చింది. అడవి గురించి నిలదీసింది కూడా, కానీ ముందు పోల్చుకుంది.

మీ ఇంట్లోనో మీ వాడలోనో ఇలాంటి ముఖంతో ఒకరు ఇప్పుడు తలుపు వేసుకుని కూర్చుని ఉండవచ్చు. ఎందుకు చేయించుకున్నావని అడగకండి. ఆ ప్రశ్న వారు రోజూ అద్దం ముందు వేసుకుంటూనే ఉంటారు. ముఖం మీదే చూపు నిలపకండి, అలాగని తిప్పుకోనూ వద్దు. ఏ క్రీమూ సూచించకండి. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గాల్సింది పెరుగుతున్నా, ఆ రోజే డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి.